ముక్కు వేలు

సర్కారు మీ కాలేజీ ఫీజు కట్టాలంటే ఏమేం కావాలో నన్నడగండి, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆదాయం పత్రం కావాలి. కులం పత్రం కావాలి. టెన్త్ మెమోలో పేరూ ఆధార్ కార్డులో పేరూ కవల పిల్లల్లా ఉండాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ ముడిపడి ఉండాలి. కాలేజీలో హాజరు ఉండాలి. ఇవన్నీ నాకు ఉన్నాయి. అన్నీ ఉండి కూడా, ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటి లేక నా చదువు మూసీలో కలవబోయింది. లేకపోవడమంటే వేలు తెగిపోయిందనుకునేరు. వేలు ఉంది, భేషుగ్గా ఉంది, ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది. ఆ ఎరుపే కొంప ముంచింది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా వీధి మొత్తం ముందే నవ్వేసింది కాబట్టి మీకు దొరికేది ఎంగిలి నవ్వే.

అప్పుడు నేను ఇంజనీరింగ్ మొదటి ఏడాది పూర్తిచేస్తున్నాను. మా ఇల్లు పాతబస్తీలో, జహనుమాలో. నాన్నను మేము బాపు అంటాం. బాపు పత్తర్‌గట్టిలో ఒక చీరల దుకాణంలో పనిచేసేవాడు. పొద్దంతా చీరలు విప్పి చూపించి, కొననివాళ్ల కోసం కూడా ఓపికగా మళ్లీ మడతపెట్టే మనిషి, ఇంటికొచ్చి దుప్పటి మడత పెట్టమంటే మాత్రం చేతులు నొప్పి అనేవాడు. ఆ జీతంతో మా ఇల్లు నడిచేది, నా కాలేజీ మాత్రం నడిచేది కాదు. సర్కారు ఫీజు కడితేనే నా చదువు. కట్టకపోతే రెండో ఏడాదికి కాలేజీ గేటు దాటనివ్వరు, లోపల పెట్టిన సర్టిఫికెట్లు కూడా తిరిగి రావు. మా ఇంట్లో అప్పటివరకు కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే, అందుకని ఇల్లంతా నా వెనకాల ఊపిరి బిగబట్టి నిలబడి ఉండేది.

అలాంటి పరిస్థితిలో బుద్ధున్న పిల్ల ఏం చేస్తుంది? వినయంగా ఉంటుంది. నేనేమో వీధికి పెద్దనయ్యాను. దరఖాస్తు నింపడం నాకు వచ్చేసిందని తెలిశాక చుట్టుపక్కల పిల్లలందరూ మా గడపలోకే వచ్చేవారు. నేను కాళ్లు ముడుచుకుని అరుగు మీద కూర్చుని తీర్పులు చెప్పేదాన్ని.

"నీ మెమోల లక్ష్మికి ఎక్స్ ఉన్నది. ఆధార్ల కేఎస్‌హెచ్ ఉన్నది. నడవది."

"దేవత ఒక్కతే గద అక్కా."

"దేవత ఒక్కతే. సర్కారుకు ఇద్దరు. పోయి మార్పించుకొని రా పో."

ఇలా ఎంతమందిని ఎండలో తిప్పానో లెక్కలేదు. పక్కింటి రెహానా నన్ను 'స్కాలర్‌షిప్ మేడం' అని పిలిచేది. అది వెక్కిరింత అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రెహానా నా ఈడుదే, నా కాలేజీనే, నాతోపాటే దరఖాస్తు పెట్టింది.

అన్ని కాగితాలూ అయిపోయాక చివర్లో ఒక పని మిగులుతుంది. ఆ పిల్ల ఈ పిల్లేనని రుజువు చేయడానికి మనిషి స్వయంగా ఆన్‌లైన్ సెంటరుకు పోయి మిషన్ మీద వేలు పెట్టాలి. వేలు కలిస్తే ఫీజు వచ్చినట్టే. "ఆఖరి తారీఖు దాకా ఆగకున్రి, గుంపు ఉంటది" అని అందరికీ చెప్పి తరిమాను. నేను మాత్రం పోలేదు. వేలు పెట్టడం కూడా ఒక పనేనా, రేపు పెడదాం అనుకున్నాను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు పెద్దలు. నేను వీధిలో ఇంటింటికీ దీపం పెట్టొచ్చి మా ఇంట్లో చీకట్లో కూర్చున్నాను.

ఇంతలో ఆషాఢం వచ్చింది.

మా వీధిలో ఆషాఢం రావడం ముందు వాసనతో తెలిసేది. మీరు గోరింటాకు అంటారు, మేము మైదాకు అంటాం. చెట్టు రెహానా వాళ్ల వాకిట్లో ఉండేది, రోలు మా ఇంట్లో ఉండేది. అందుకని ఆకు వాళ్లది, నూరడం మాది, పెట్టుకునే చేతులు ఎవరివైనా సరే. మా నాయినమ్మ రోలు ముందు కూర్చుని ఇంత చింతపండు, పాన్‌లో వేసే కాసు ఇంత, ఇంకేదో వేసి నూరేది. ఆ ఇంకేదో ఏమిటని అడిగితే "నీకెందుకే" అనేది. ఆమె నూరుతుంటే పచ్చివాసన గోడ దాటి వీధిలోకి పోయేది, ఆడపిల్లలు ఒక్కొక్కరే తలుపు దగ్గర చేరేవారు. ఇప్పుడు అంగళ్లలో కోన్‌లు దొరుకుతున్నాయి. అందులో రంగుంది. ఆ వాసన లేదు. ఆ వాసన కోసం నేను ఏ ఆషాఢంలో ఎన్ని ఆకులు చేతిలో నలిపి చూశానో మీకు చెబితే జాలిపడతారు.

నాయినమ్మ పెట్టే పద్ధతి ఒకటే. అరచేతి మధ్యలో ఒక చందమామ, వేళ్లకు టోపీలు. తొమ్మిది వేళ్లకే. ఎడమచేతి చిటికెన వేలికి ఎవరికీ పెట్టేది కాదు, తనక్కూడా పెట్టుకునేది కాదు. దాని పేరు ముక్కు వేలు.

"మైదాకు పెట్టుకోంగనె ముక్కు దురదపెడ్తది. గది దేవుడు పెట్టిన నియమం" అనేది. "గోక్కోనీకె ఒక ఏలు ఉండాలె బిడ్డా. లేకుంటె పెట్టుకున్నదంత మొకానికి పూస్కుంటరు."

మీరు మైదాకు పెట్టుకున్నవారైతే ఇందులో అబద్ధం లేదని ఒప్పుకుంటారు. రెండు చేతులూ బందీ అయిన మరుక్షణం ముక్కు మేలుకుంటుంది. నాయినమ్మ ప్రపంచానికి చేసిన ఉపకారం ఆ ఖాళీ వేలు. చిన్నప్పటి నుంచి నేను ఆ వేలితోనే ముక్కు గోక్కుని, ఆ వేలితోనే దోమలు తోలుకుని పెద్దయ్యాను.

కానీ ఆ ఏడు నాకు కాలేజీ గాలి తగిలింది. కాలేజీలో చీరలు కట్టుకుని ఫోటోలు దిగే పండగ ఒకటి పెట్టారు. తొమ్మిది వేళ్లు ఎర్రగా ఉండి ఒక్కటి తెల్లగా ఉంటే, ఫోటోలో చెయ్యి పన్నూడిన నవ్వులా ఉంటుందని నాకు అనిపించింది.

"గీ సారి పది ఏళ్లకు పెట్టు నాయినమ్మా."

"ముక్కు దురద పెడ్తె ఎవలు గోకుతరు?"

"ఓర్చుకుంట."

"ఓర్చుకున్నోళ్లను మస్తుగ జూసిన. సూపు చెయ్యి."

తొమ్మిదికే పెట్టింది. నా పక్కన కూర్చున్న రెహానాకూ తొమ్మిదికే పెట్టింది. రోలు కడగడానికి ఆమె లోపలికి పోగానే గిన్నె అడుగున మిగిలిన ముద్దలో నా చిటికెన వేలు మొదటి కణుపుదాకా ముంచేశాను.

"దాదీ మారింగే తేరేకు" అంది రెహానా. ముసలామె తంతుందని హెచ్చరిక. రెహానాకు మా నాయినమ్మ దాదీయే, తన దాదీని ఆమె ఎప్పుడూ చూడలేదు.

"తెల్లారెదాక సూడదు" అన్నాను నేను.

నాయినమ్మ చూడలేదు, నిజమే. ముక్కు చూసింది. ఆ ముక్కు అప్పటిదాకా ఎక్కడ దాచుకుందో గానీ జన్మంతటి దురదనూ ఒక్కసారిగా బయటపెట్టింది. భుజానికి రాశాను, తలుపు చెక్కకు రాశాను, "జరసేపు ఆగు" అంటూ రెహానా వీపుకు రాశాను. చివరికి ప్రాణం మీదికొచ్చి చేత్తోనే రాసేశాను. తెల్లారి కడుక్కుని చూస్తే పది వేళ్లూ పండాయి, వాటితోపాటు ముక్కు కొస కూడా పండింది.

అయినా ఏం పండిందనుకున్నారు. మైదాకు ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని మా దగ్గర అంటారు. ఆ ఎరుపుకు కలెక్టర్ రావాలి. నేను అద్దం ముందు చేతులు తిప్పుకుంటూ ఉండగా రెహానా ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వేలిముద్రకు మరునాడే ఆఖరు, సాయంత్రానికి సెంటర్లు మూసేస్తారు.

"దానికేంది, ఇప్పుడే పోదాం" అన్నాను. వీధికి పెద్దని కదా.

మా వీధి చివర యూసుఫ్ భాయ్ ఆన్‌లైన్ సెంటర్ ఉండేది. యూసుఫ్ భాయ్ మంచివాడు, ఓపికవాడు, గొంతు పెంచడం తెలియనివాడు. ముందు నా మొహం చూశాడు. ముక్కు చూశాడు. మిషన్ నా ముందుకు జరిపాడు.

బొటనవేలు పెట్టాను. మిషన్ ఎర్రగా మిణుక్కుమంది.

"దుస్రా అంగూఠా."

రెండో బొటనవేలు పెట్టాను. మళ్లీ ఎరుపు.

"చేతులు రుద్దు అమ్మా, గరం కరో."

రుద్దాను. మిషన్ అద్దాన్ని ఆయన తన చొక్కా కొసతో తుడిచాడు. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు. ఇటు, అటు. తడిపి పెట్టాను, ఆరబెట్టి పెట్టాను, దేవుణ్ని తలచుకుని పెట్టాను. పదో వేలు కూడా పెట్టి చూశాను. మిషన్‌కు నామీద దయ కలగలేదు.

యూసుఫ్ భాయ్ నా చెయ్యి వెలుతురుకు తిప్పి చూశాడు. "గింత రంగుల లకీర్లు యాడ కనవడ్తయమ్మా. మిషన్ నిన్ను గుర్తువడ్తలేదు."

లకీర్లంటే గీతలు. నా గీతలన్నీ కలెక్టర్ మొగుడి కోసం వేసిన ఎర్రరంగు కింద పడుకుని ఉన్నాయి. వెనక క్యూలో నేను లక్ష్మి కోసం తిప్పిన అమ్మాయి కూడా ఉంది. అర్థమైంది కదా నా పరువు సంగతి.

"అక్కా, నడవదా?" అని అడిగింది, చాలా మెత్తగా.

తరువాత రెహానా కూర్చుంది. బొటనవేలు ఎరుపు, చూపుడు వేలు ఎరుపు. మనమిద్దరమూ మునిగాము, మునిగినా కలిసి మునిగాము అని నాకు నీచంగా ధైర్యం వస్తోంది. అంతలో రెహానా తన ముక్కు వేలు పెట్టింది. మిషన్ పచ్చగా వెలిగి కోయిలలా కూసింది. తెర మీద ఆమె పేరు నిలబడింది.

యూసుఫ్ భాయ్ ఆ తెల్లని వేలిని చూసి ఆశ్చర్యపోయాడు. "ఏ ఏక్ కైకూ ఛోడే?"

"దాదీ ఛోడే" అంది రెహానా. "నాక్ ఖుజ్లానే కూ."

ముక్కు గోక్కోవడానికి వదిలిన వేలు ఒక పిల్లను ఇంజనీరును చేయబోతోందని సెంటరంతా నవ్వింది. రెహానా మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దానికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి నాయినమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"ఏమైందే, గట్ల మొకం ఏలాడేసినవ్?"

"మిషన్ నన్ను గుర్తువడ్తలేదు."

"మిషన్ గుర్తువట్టకుంటె ఏంది? నేను గుర్తువడ్త గద."

ఆ మాట ఎంత పెద్దదో నాకు ఆ రోజు తెలియలేదు. తెలియకపోగా ఒళ్లు మండింది. "నీ మైదాకుతోనే నా సదువు ఆగమైంది" అని వీధి వినేలా అరిచాను. నాయినమ్మ చాట పక్కన పెట్టింది. నా రెండు చేతులూ పట్టుకుని చూసింది. ముందు ఆమె కళ్లలో గర్వం కనిపించింది, ఎంత బాగా పండిందో కదా. తరువాత చూపు ఎడమచేతి చివర ఆగింది.

"గీ ఏలుకు ఎవలు పెట్టిన్రు?"

నేను ఆ వేలు ముడుచుకున్నాను.

"నేనైతె పెట్టలే. రెహానా, నువ్వు పెట్టినవా బేటా?"

"నై దాదీ" అంది రెహానా, నా వైపు చూడకుండా.

నాయినమ్మ నా ముక్కు కొసను ఒకసారి చూసి, "గోక్కున్నవు గద" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం బాపు వచ్చాడు. సంగతంతా విని నా చెయ్యి చీర అంచులా పట్టుకుని పరీక్షించాడు. "రంగు పోదు, గ్యారంటీ అని ఇన్నేండ్ల సంది అమ్ముతున్న. ఒక్క చీర నిలవడలే. గీ ముసల్ది అద్దిన రంగు సూడు" అన్నాడు. ఆయన అలా నవ్వించాలని చూస్తాడు గానీ ఆ రోజు నా చెయ్యి చాలాసేపు వదల్లేదు. నేను కాలేజీలో చేరిన రోజు దుకాణమంతా మిఠాయి పంచాడని నాకు తెలుసు.

ఇక చికిత్సలు మొదలయ్యాయి. నిమ్మకాయ రుద్దాము. పళ్లపొడి రుద్దాము. కిరసనాయిలు రుద్దాము. ఎంత రుద్దితే అంత నిగ్గు తేలింది. నాయినమ్మ నూరిన మైదాకుకు పౌరుషం ఎక్కువ.

చివరికి అమ్మ అంది. "పెండ్లిపిల్లతోని అంట్లు ఎందుకు తోమియ్యరో ఎర్కనా? రంగు పోతదని."

ఇంట్లో అందరూ అంట్లు తోమే జాలాడి దిక్కు చూశారు.

పది వేళ్లూ అక్కర్లేదు, ఒక్కటి తేరుకున్నా చాలు. నేను దొంగతనంగా ముంచిన చిటికెన వేలికి ముద్ద పల్చగా అంటింది కాబట్టి దానిమీద ఆశ పెట్టుకున్నాం. కానీ మా ఇంట్లో అంట్లు ఎన్ని ఉంటాయి? అప్పుడు సంగతి గోడ దాటింది. బోనాలు దగ్గర పడ్డాయి, ప్రతి ఇంట్లో ఇత్తడి బిందెలూ దీపాలూ నల్లబడి తోమేవాళ్ల కోసం చూస్తున్నాయి. స్కాలర్‌షిప్ మేడం అంట్లు తోముతోందట అనగానే వీధి దయతో పొంగిపోయింది.

"సప్నా, పాపం నీ ఏలు కోసమని తెచ్చిన. గీ బిందె జర చూడు."

"మాది సుత చిన్నదే, రెండు దీపాలు."

రెహానా వాళ్ల అమ్మీ బక్రీదునాటి నుంచి మాడి ఉన్న దేగిస పంపించింది. దాని లోపల నేను మునిగి కూర్చోవచ్చు. లక్ష్మి పిల్ల కూడా ఒక తప్పేలా పట్టుకొచ్చి, "మార్పించుకొని రా పో" అంది. నా మాట నాకే ఇచ్చింది. రెహానా నీళ్లు పోస్తుంటే, నేను పీచూ చింతపండూ ఇటుక పొడీ పట్టుకుని, చిటికెన వేలు ముందుకు పెట్టి తోమాను. ఒంటి వేలితో బిందె తోమే విద్య మీలో ఎవరికైనా కావాలంటే నేర్పుతాను. ఆ ఏడు మా వీధి బోనాలు మెరిసినంతగా ఇంకే వీధివీ మెరవలేదని చెప్పుకున్నారు. ఆ మెరుపులో నా ఫీజు ఉంది.

తెల్లారి చూస్తే వేలు నిజంగానే తేరుకుంది. లేత నారింజ రంగు మాత్రం మిగిలింది. గంతులేస్తూ యూసుఫ్ భాయ్ దగ్గరికి పోయాము. ఈసారి నాయినమ్మ కూడా వస్తానంది. మోకాళ్ల నొప్పులతో వీధి చివరికి కూడా పోని మనిషి, కొంగు సర్దుకుని ముందు నడిచింది.

వేలు పెట్టాను. ఎరుపు. మళ్లీ పెట్టాను. ఎరుపు.

యూసుఫ్ భాయ్ వేలిని పట్టుకుని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆయన నోట ఆ మాట రావడానికి మనసొప్పలేదని ఆయన మొహమే చెప్పింది.

"నిన్న రంగ్ ఉండె, లకీర్ కనవడలే. ఇయ్యాల రంగ్ పోయింది అమ్మా. లకీర్ బీ పోయింది."

అరిగిపోయాయి. ఇటుక పొడితో పాటు నా గీతలు కూడా బిందెల్లో పోశాను. రోట్లో తలపెట్టి రోకలి పోటుకు వెరవకూడదంటారు. నేను రోలు దాకా పోలేదు, రోట్లో నూరినదానికే పోయాను.

అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చాను. అది మాత్రం నవ్వులాట కాదు. గేటు బయట నిలబడినట్టు, లోపల రెహానా ఒక్కతే తరగతికి పోతున్నట్టు కనిపించింది. రేపటి నుంచి బాపు దుకాణంలో మొహం ఎలా చూపిస్తాడు అనుకున్నాను.

"ఏడ్వకమ్మా" అన్నాడు యూసుఫ్ భాయ్. "పత్తర్‌గట్టి కాడ మా మామూ కొడుకు సెంటర్ల ఆంఖ్ వాలీ మిషన్ ఉన్నది. ఏలు లేకున్నా కన్ను చూసి పట్టుకుంటది. బంద్ చేసెటందుకు ఇంక టైమున్నది. జల్దీ పోన్రి."

ఆటోలో నేను, నాయినమ్మ, రెహానా ముగ్గురం. పండగ కొనుగోళ్ల గుంపులో ఆటో నిలబడిపోతే నాయినమ్మ తల బయటపెట్టి, "హటో భాయ్, బిడ్డ కాలేజీకి లేట్ అయితది" అని తోపుడు బండ్లవాళ్లను తప్పించింది. గాజుల దుకాణాల ముందు ఆటో దిగేసరికి, రెహానా ఫోను చేస్తే బాపు కూడా దుకాణం నుంచి వచ్చి నిలబడి ఉన్నాడు, భుజం మీద ఎవరికో చూపిస్తూ మరిచిపోయిన చీర అలాగే వేలాడుతోంది.

ఆ మిషన్ జాతరలో బొమ్మలు చూపించే డబ్బాలా ఉంది. మొహం ఆనించి చూడాలి. కదలకూడదు, రెప్ప కొట్టకూడదు. సెంటర్ కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు. "మేడం, కండ్లల్ల నీళ్లున్నయ్. నీళ్లుంటె పట్టదు."

తుడుచుకున్నాను. మళ్లీ వచ్చాయి. ఏడవకూడదనుకుంటే ఇంకా వచ్చాయి. అతను గోడ గడియారం చూశాడు.

అప్పుడు నాయినమ్మ నా ముందుకొచ్చింది. రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. ఆమె అరచేతుల్లో కూడా ఎర్రని చందమామలు. పచ్చివాసన ఇంకా ఉంది. "నన్ను సూడు" అంది. చూశాను. "ఇగ అండ్ల సూడు" అని నా మొహాన్ని డబ్బాకు ఆనించి, అలాగే గట్టిగా పట్టుకుని నిలబడింది.

"హిల్నా నక్కో" అన్నాడు కుర్రవాడు. కదలొద్దట.

కదలొద్దు అన్నారో లేదో, మీకు తెలుసు కదా ఏమవుతుందో. దేవుడు పెట్టిన నియమం. ముక్కు దురద మొదలైంది. నా చేతులు బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి. కదిలితే పోతుంది. ఓర్చుకున్నాను. ముక్కు పుటాలు వణికాయి. నోరు తెరిచి చెప్పడానికి కూడా లేదు.

చెప్పాల్సిన పని పడలేదు. ఆమె చెయ్యి నా బుగ్గ మీద నుంచి కొంచెం జరిగింది. ఎడమచేతి చిటికెన వేలు, రంగు లేని వేలు, మెల్లగా వచ్చి నా ముక్కు కొసను గోకింది. రెండుసార్లు, హాయిగా. నా భుజాలు వదులయ్యాయి. కళ్లు విప్పారాయి. మిషన్ కూసింది.

తెర మీద నా పేరు నిలబడింది, మెమోలో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా. బాపు భుజం మీది చీరతోనే కళ్లు తుడుచుకున్నాడు. అది అమ్మకానికి ఉన్న చీరని గుర్తొచ్చి మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇగ గుర్తువట్టిందా?" అని అడిగింది నాయినమ్మ.

"గుర్తువట్టింది."

"మంచిది. ముక్కు ఏలు ఎందుకు ఇడుస్తరో ఎర్కయ్యిందా?"

ఫీజు వచ్చింది. చదువు అయింది. నాకు ఉద్యోగం వచ్చి మేము ఊరికి ఆ చివర ఫ్లాటులోకి మారిపోయాము. రెహానా పెళ్లయి వెళ్లిపోయింది. వాళ్ల వాకిట్లో చెట్టు తీసేసి పైన మూడంతస్తులు కట్టుకున్నారు. రోలు మాత్రం తెచ్చుకున్నాను, బాల్కనీలో ఒక మూల ఉంది, ఇంట్లో నేను తప్ప ఎవరూ వాడరు. నాయినమ్మ ఈ ఫ్లాటు చూడలేదు.

ఇప్పుడు నన్ను గుర్తుపట్టని మిషన్ లేదు. ఆఫీసు తలుపు నా వేలికి తెరుచుకుంటుంది. ఫోను నా మొహం చూడగానే వెలుగుతుంది. ఏ మిషన్ నన్ను గుర్తుపట్టి కూసినా నేను ఒక్క క్షణం వెనక్కి తిరుగుతాను, "గుర్తువట్టిందా" అని ఎవరో అడుగుతారేమోనని.

ప్రతి ఆషాఢంలో నేనే ఆకు తెచ్చి నూరుకుంటాను. చింతపండు వేస్తాను, కాసు వేస్తాను, ఆ ఇంకేదో ఏమిటో తెలియక ఆగుతాను. తొమ్మిది వేళ్లకు పెట్టుకుని కూర్చోగానే ముక్కు మేలుకుంటుంది. ఖాళీ వేలు ఉంది కాబట్టి గోక్కుంటాను. దురద పోతుంది. అంతే, దురద ఒక్కటే పోతుంది.

కాబట్టి యావన్మంది పాఠకులకు మనవి చేయడమేమనగా, రోలు మీద చెయ్యి వేసి, జహనుమా ఇత్తడి బిందెలన్నీ సాక్షులుగా, నా ముక్కు మీద ఒట్టుపెట్టి చెబుతున్నాను: కలెక్టరే వచ్చి బతిమాలినా సరే, ఈ జన్మలో పదో వేలికి మైదాకు పెట్టను. ఆ వేలు ఖాళీగానే ఉంటుంది. ఎక్కడైనా నాయినమ్మ ఎదురుపడితే, నన్ను గుర్తుపట్టడానికి ఒక గుర్తు ఉండాలి కదా.